ఈరోజు పారేసింది

మా ఆయన బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషి. ఈ మాట చెప్పగానే జనం నవ్వుతారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. ఫ్యాక్టరీలో నాలుగు లైన్లున్నాయి. గంటకోసారి ఒక్కో లైనులోంచి ఒక్కో బిస్కెట్ ఆయన బల్ల మీదికి వస్తుంది. నమిలి చూసి, బాగుంటే కాగితం మీద టిక్కు పెడతాడు. టిక్కు పడకపోతే లైను ఆగుతుంది, మేనేజరు పరుగెత్తుకొస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ ‘నాలుక గారు’.

రుచి చూడటమంటే తినడం కాదు. బల్ల పక్కనే ఒక స్టీలు బేసిన్ ఉంటుంది. నమిలింది అందులో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, తర్వాతి బిస్కెట్‌కి సిద్ధం కావాలి. ఫ్యాక్టరీ వాళ్ల రూలు అది, గోడకి అంటించి కూడా ఉందట. ఆయన ఆ పనిలో చేరిన నెలలోనే మా పెళ్లయింది, ఇవన్నీ నాకు ఆ కొత్తలోనే చెప్పాడు.

ఇక నా సంగతి. నేను ఒక హాస్టల్ వంటశాలలో స్టోరు కీపర్ని. మూడు వందల మందికి సరిపడా సరుకు తూచి ఇవ్వడం నా పని. అది కాక, ఎవరూ చెప్పకుండానే నేను పెట్టుకున్న పని ఇంకొకటుంది. పళ్లాల్లో వదిలేసిన తిండంతా సాయంత్రం ఒక డబ్బాలో పోయించి తూకం వేస్తాను. భోజనాల గది గుమ్మం పక్కన నల్లబోర్డు మీద రాస్తాను: ‘ఈరోజు పారేసింది: ఇన్ని కిలోలు’ అని. నేను చేరినప్పుడు నలభై ఉండేది, ఇప్పుడు ఆరు. అరిచి తగ్గించలేదు. వదిలేసేవాళ్ల పళ్లెం పక్కన వెళ్లి నిలబడతానంతే. ఒకసారి పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని, బోర్డు మీద కాస్త తగ్గించి రాయమన్నాడు వార్డెన్. సుద్దముక్క ఆయన చేతికిచ్చి మీరే రాయండన్నాను. రాయలేదు. పందొమ్మిదేళ్లలో ఆ బోర్డు మీద ఒక్క తప్పు అంకె పడలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

ఈ ఏడాది ఫ్యాక్టరీ డాక్టరు చేసే పరీక్షలో మా ఆయన రక్తంలో చక్కెర నూట అరవై ఎనిమిది తేలింది, అదీ పరగడుపున. డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. నలభై రోజుల్లో నూట ముప్పై లోపుకి రావాలి. రాకపోతే రుచి బల్ల దగ్గర కూర్చోవడానికి ఏటా కావాల్సిన ఆరోగ్య కార్డు మీద ముద్ర వేయడు, గోడౌనుకి మార్చేస్తారు. రోజంతా బిస్కెట్ల మధ్యే కూర్చుంటావు కదా, మరి తింటావా అని అడిగాడు. మా ఆయన ‘‘బేసిన్ ఉంది సార్’’ అన్నాడు. డాక్టరు తలూపాడు. పక్క కుర్చీలో కూర్చుని నేనూ ఊపాను.

ఇంటికి వచ్చాం. మెట్ల దగ్గర ఆయన ఆగి, ‘‘గోడౌన్లో నాలుకతో పనేముంటుంది?’’ అన్నాడు. ఆయనకి ఇంకో పని రాదు. చేతకాక కాదు, ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో సగంమంది ఏ రుచి తినాలో ఆయనే తేల్చాడు. అలాంటి మనిషిని అట్టపెట్టెలు లెక్కపెట్టమంటే చిక్కిపోతాడు.

మర్నాడు డైట్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మాకొక రంగు కాగితం ఇచ్చింది. పైన ‘నలభై రోజుల డీటాక్స్’ అని ఉంది. మరపట్టనివి, ప్యాకెట్లో రానివి, చెట్టు మీదో మట్టిలోంచో ఎలా వచ్చాయో అలాగే తినేవి, వీటితో ఒంట్లో చెడంతా కడిగేసుకోవాలట. ఆలోచన మంచిదే. కింద జాబితా చూశాను. అవకాడో, బ్లూబెర్రీ, బాదం పాలు, ఆలివ్ నూనె, నోరు తిరగని పేరున్న గింజలు రెండు రకాలు. ఆ లెక్కన వండితే మా ఇద్దరి జీతాలూ నెల మధ్యకి రాకముందే చేతులెత్తేస్తాయి. ఆవిడకా మాట చెబితే, ఆరోగ్యం కన్నా ఎక్కువేముందండీ అంది. ఆరోగ్యం కన్నా ఎక్కువైనవి జాబితాలో ఆరు కనబడ్డాయి నాకు.

మూడు వందల మందికి సరుకు తూచేదాన్ని, నలుగురికి తూచలేనా. రాత్రి భోజనాలకి ముందే కాగితం మీద ఒక్కో పేరు కొట్టేసి పక్కన నా పేరు రాశాను. నోరు తిరగని గింజలకి బదులు అవిసె గింజలు, బార్లీ. అవకాడోకి బదులు గుప్పెడు వేరుశనగలు. బాదం పాలకి బదులు ఏమీ లేదు. ఆకుకూరల రసం అని ఉన్నచోట క్యాబేజీ పై ఆకులు. కూరగాయల దుకాణంలో క్యాబేజీని అందంగా చేయడానికి పై ఆకులు ఒలిచి బుట్టలో పడేస్తారు. అవి ఊరికే ఇస్తారు. ఆ దుకాణం ఆయన కుందేళ్లు పెంచుతున్నారా అమ్మా అని అడిగాడు. అవును, నాలుగు అన్నాను.

ఒక ఇంట్లో రెండు వంటలు చేయడానికి నాకు గ్యాసూ లేదు, ఓపికా లేదు. కాబట్టి డీటాక్స్ అందరికీ. ఇంట్లో మేం నలుగురం: మేమిద్దరం, పదిహేనేళ్ల మా అమ్మాయి, మా అత్తగారు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, ఇందులో నా పేరు లేదే అంది. లేదు, గ్యాసు బిల్లులో కూడా లేదు అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని ఉడికించిన క్యాబేజీ వైపు చూసింది. ‘‘నాకు పళ్లు ఊడిపోయినప్పుడు అందరూ జాలిపడ్డారు, ఇందుకేనేమో’’ అంది.

ఫ్యాక్టరీ వాళ్లు శనివారం శనివారం పనివాళ్లకి రెండు కిలోల విరిగిన బిస్కెట్లు ఊరికే ఇస్తారు. మా ఇంట్లో దాన్ని ముక్కల సంచి అంటాం. మా అమ్మాయి ఆ సంచి తిని పెరిగింది, టీలో అదే, ఆకలేస్తే అదే, చుట్టాలొస్తే పళ్లెంలో కాస్త పెద్ద ముక్కలు ఏరి పెడతాం. ఆ శనివారం సంచి వద్దని రాసి సంతకం పెట్టి వచ్చాడు మా ఆయన. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం మా ఇంటి చరిత్రలో అదే మొదలు.

పదిహేను రోజులు గడిచాయి. పొద్దున నిమ్మకాయ, అల్లం పిండిన ఆకుల రసం. మధ్యాహ్నం బార్లీ, పొట్టు తీయని పప్పు. రాత్రి క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి, ఉప్పు తక్కువ. నేను మూడు కిలోలు తగ్గాను. మా అమ్మాయి మొహం మీద మొటిమలు పోయాయి. అత్తగారు గోడ పట్టుకోకుండా మెట్లెక్కుతోంది, నేను చూస్తున్నానని తెలిస్తే మాత్రం గోడ పట్టుకుంటుంది. మా ఆయన పెట్టింది పెట్టినట్టు తిన్నాడు, వంక పెట్టలేదు. ఆయన మొదట్నుంచీ ఇంట్లో తక్కువే తింటాడు, రెండోసారి వడ్డించమని ఏనాడూ అడగలేదు. పొదుపైన మనిషి దొరికాడని నలుగురిలో చెప్పుకునేదాన్ని.

పదహారో రోజు రక్తపరీక్ష చేయించాం. నూట అరవై ఆరు వచ్చింది. పదిహేను రోజుల క్యాబేజీకి రెండు పాయింట్లు.

ఇంట్లో ఎవరో దొంగతిండి తెస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. హాస్టల్లో ఇలాంటివి చాలా పట్టుకున్నాను. అత్తగారి దిండు గలీబులో పందొమ్మిది చప్పరించే బిళ్లలు దొరికాయి. దగ్గుకి అంది. నేను కాపురానికి వచ్చాక ఆవిడ దగ్గగా వినలేదు. మా అమ్మాయి నేను అడగకముందే ఏడ్చేసి, స్నేహితురాలి ఇంట్లో రెండు ముక్కలు కేకు తిన్నానని ఒప్పుకుంది. ఆ కేకు మీద క్రీము ఎలా ఉందో ఎంతసేపు చెప్పిందంటే, నేనే ఇక చాలు ఆపమన్నాను. మా ఆయన జేబులు, సంచి, బూట్లు, టిఫిన్ డబ్బా మూతలో రబ్బరు, అన్నీ చూశాను. ఆయన చేతులు కొంచెం పైకెత్తి నిలబడి ‘‘వెతుక్కో’’ అన్నాడు. ఏమీ లేదు. తియ్యగా ఉంటుందని మర్నాటి నుంచి క్యారెట్ కూడా తీసేశాను.

పంతొమ్మిదో రోజు ఆయన టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోయాడు. అంత కష్టపడి చేసిన క్యాబేజీ ఎవరి పాలబడుతుందోనన్న బాధ నాకు. హాస్టల్లో ఒక పూట సెలవు పెట్టి డబ్బా పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. ఇన్నేళ్లలో గేటు దాటి లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. ఓవెన్ల దగ్గర పనిచేసే పెద్దాయన, మా ఇంటికి ఒకట్రెండుసార్లు వచ్చినవాడు, నన్ను చూసి తనే లోపలికి తీసుకెళ్లాడు. రుచి గదికి ముందువైపు అంతా అద్దమే. మా ఆయన లోపల లేడు, మేనేజరు పిలిచాడట.

తెల్ల బల్ల, నాలుగు పళ్లాలు, గోడ గడియారం, ఒక స్టూలు. స్టూలు పక్కన స్టాండు మీద బేసిన్. బేసిన్లో మా ఆయన కళ్లజోడు డబ్బా ఉంది. దువ్వెన, బస్సు పాసు, నాలుగు మడతలు పెట్టిన న్యూస్‌పేపరు కూడా ఉన్నాయి. అడుగున, కొన్నప్పుడు కొట్టువాళ్లు అంటించిన కాగితం ముక్క ఇంకా అలాగే ఉంది, చెమ్మ తగిలిన జాడే లేదు.

నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. ఓవెన్ పెద్దాయన మామూలుగానే చెప్పాడు. ‘‘ఆ బేసిన్ తడవగా నేనెప్పుడూ చూళ్లేదమ్మా. రెండో షిఫ్టు వాళ్లకి వేరే బేసిన్ ఉంది, వాళ్లు ఉమ్మేస్తారు. నాలుక గారు మాత్రం మింగేస్తారు. మాడినవి కూడా.’’

రోజుకి ముప్పై రెండు బిస్కెట్లు. ఒక్కోటి ఎనిమిది గ్రాములు. నా బుర్ర తూకాల బుర్ర, వద్దన్నా లెక్క కట్టేస్తుంది. ఇరవై రెండేళ్లకి లెక్క టన్ను దాటగానే బలవంతంగా ఆపేశాను.

మా ఆయన వచ్చాడు. నన్ను చూశాడు, నా చేతిలో డబ్బా చూశాడు, నేను చూస్తున్న బేసిన్ చూశాడు. క్యాంటీన్ వైపు నడిచాడు. ఒక మూల బెంచీ మీద కూర్చున్నాం. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

‘‘పెళ్లయిన వారం నుంచి’’ అన్నాడు.

నెమ్మదిగా, ఎవరి మీదా నెపం పెట్టకుండా చెప్పుకొచ్చాడు. పెళ్లయిన వారంలో నేను అన్నం వడ్డిస్తుంటే తన ఉద్యోగం గురించి గొప్పగా చెప్పాడట, బేసిన్ సంగతి కూడా. నేను గరిటె ఆపి, తిండి ఉమ్మేసే మనిషితో నేను కాపురం చేయను అన్నానట. నాకా మాట అసలు గుర్తులేదు. కానీ అది నా మాటేనని వినగానే తెలిసింది. ఇంకెవరంటారు అలా?

‘‘ఏదో కోపంలో అనుంటాను. దానికి ఇన్నేళ్లా?’’

‘‘కోపంగా అన్లేదు. మామూలుగానే అన్నావు. అందుకే నమ్మాను.’’

‘‘మాడినవి కూడా మింగాలా?’’

‘‘మాడినవైతే ఉమ్మొచ్చని నువ్వు చెప్పలేదుగా.’’

మరి డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి, క్యాబేజీ వైపు చూసి, మళ్లీ మూత పెట్టాడు.

‘‘పక్కన నువ్వు కూర్చున్నావు’’ అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. దాచుకోవడం దేనికి, క్యాంటీన్లో, ‘చేతులు శుభ్రంగా కడుక్కోండి’ అన్న బోర్డు ఎదురుగా కూర్చుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నలుగురి నోళ్లూ కట్టేసి, ముసలావిడ దిండు దులిపి, పిల్లని దోషిలా నిలబెట్టిన దాన్ని నేను. అసలు దొంగని నేనే. ఏడుపు తగ్గాక, ఈ పూట నుంచే ఉమ్మేయండి అన్నాను. ప్రయత్నిస్తానన్నాడు.

సాయంత్రం వచ్చి, కుదరలేదన్నాడు. ఉమ్మాలని వంగేలోపే గొంతు తన పని తను చేసుకుపోతోందట. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. సరే, నేర్చుకుందాం అన్నాను. వీధి చివర కొట్టుకి వెళ్లి ఆయన ఫ్యాక్టరీ బిస్కెట్ ప్యాకెట్ ఒకటి కొన్నాను. విరగని బిస్కెట్లని డబ్బులిచ్చి కొనడం అదే మొదలు. వంటగదిలో నేల మీద బేసిన్ పెట్టాను. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

మొదటి బిస్కెట్ నమిలి మింగేశాడు. రెండోది కూడా. మూడోదాన్ని ఉమ్మబోయి, నా మొహం చూసి, మింగేశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నేను చెబితే చాలదు. నేనూ ఒక బిస్కెట్ తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. పంతొమ్మిది రోజుల తర్వాత తీపి. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అంత బాగున్న తిండి నా జన్మలో తినలేదు. వెన్న వాసన ముక్కులోకి వెళ్లింది, నోరంతా ఊరింది, గొంతు తలుపు తీసుకుని నిలబడింది. నాలుగు మెతుకులు వదిలేస్తే పళ్లెం పక్కన వెళ్లి నిలబడే దాన్ని నేను. వంగి, ఆ మొత్తం బేసిన్లోకి ఉమ్మేశాను. అత్తగారు మొహం తిప్పుకుంది. మూతి తుడుచుకుని మా ఆయనకి చెప్పాను.

‘‘చూశారుగా. తిండి ఉమ్మేసే మనిషితోనే మీరూ కాపురం చేస్తున్నారు. ఇక కానివ్వండి.’’

ఆయన ప్యాకెట్ వైపు చెయ్యి చాచాడు. నాలుగో బిస్కెట్ నమిలి, వంగి, ఉమ్మేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ ఆయనకీ కూడా. అత్తగారు తనూ నేర్చుకుంటానని ఒకటి అడిగింది. మింగేసి, పట్టు దొరకలేదు, ఇంకోటి ఇవ్వమంది. ప్యాకెట్ లాక్కున్నాను.

మర్నాడు ఆయనకి టిఫిన్ డబ్బాతోపాటు బిగుతు మూత ఉన్న ఇంకో డబ్బా ఇచ్చాను. ఉమ్మింది బేసిన్లో కాదు, ఇందులో వేసి ఇంటికి తెమ్మన్నాను. మొగుడి మీద నమ్మకం లేక కాదు. తూకం వేయనిదాన్ని నేను నమ్మలేను, అంతే. మా అమ్మాయి పాత పలక వంటగది గోడకి తగిలించి, పైన ‘ఈరోజు పారేసింది’ అని రాశాను. డబ్బా మూత తీసేటప్పుడు అత్తగారు ముందుగదిలోకి వెళ్లిపోయేది, ఇలాంటి ఇంట్లో బతకాల్సి వస్తుందనుకోలేదు అంటూ. మొదటి రోజు నూట నలభై గ్రాములు. సగం మింగారన్నమాట అని నిలదీశాను. రెండో రోజు రెండు వందలు. వారం తిరిగేసరికి తడితో కలిపి మూడు వందలు, ముప్పై రెండు బిస్కెట్లకీ సరిగ్గా సరిపోయింది. పారేసిన తిండి పెరిగినందుకు ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి పప్పులో ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేశాను.

నలభయ్యో రోజు పరీక్షలో నూట ఇరవై ఏడు వచ్చింది. డాక్టరు కార్డు మీద ముద్ర వేశాడు. డైట్ మేడమ్ సంతోషం పట్టలేక, చూశారా బ్లూబెర్రీ మహిమ అంది. ఆవిడ సంతోషం ఎందుకు చెడగొట్టాలని చూశామనే అన్నాను. క్యాబేజీ కూడా తన వంతు పని చేసే ఉంటుంది, దానికి రావాల్సిన మర్యాద దానికివ్వాలి. ఒక్క పొయ్యి మీద వంట అలాగే సాగుతోంది, ఖర్చు కూడా కలిసొచ్చింది. క్యారెట్ మాత్రం తిరిగొచ్చింది.

ముద్ర పడిన మర్నాడు సాయంత్రం ఆయన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. తూచాను. రెండు వందల తొంభై. కాటా సున్నాకి తెచ్చి మళ్లీ తూచాను. రెండు వందల తొంభయ్యే. ఒక బిస్కెట్ తగ్గింది.

ఏమండీ, పది గ్రాములు తక్కువుంది అన్నాను. ఆయన తువ్వాలుతో అవసరానికి మించి మొహం తుడుచుకున్నాడు.

‘‘రెండో లైను, పదకొండు గంటలది’’ అన్నాడు. ‘‘చాలా బాగా కుదిరింది.’’

సుద్దముక్క చేతిలో పట్టుకుని పలక ముందు నిలబడ్డాను. ఇరవై రెండేళ్లలో నా మాట కోసం కాకుండా, బాగుందని ఆయన మింగిన బిస్కెట్ అదొక్కటే. పలక మీద ‘మూడు వందల గ్రాములు’ అని రాశాను.